పిడుగు వాయించిన గది

ఆ మధ్యాహ్నం అక్క ఓ బ్యాంకు గుమాస్తాకి కారు నేర్పుతోంది.

"క్లచ్ మెల్లగా వదలమంటే ఒక్కసారి ప్రాణం వదిలేసినట్టు వదిలేస్తారేంటండీ? బండి ఏం పాపం చేసిందని?"

గుమాస్తా నుదుటి చెమట తుడుచుకుని మళ్లీ స్టార్ట్ చేశాడు. అక్క నోటికి జడిసి మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారు గానీ, ఆ నోరు భరించి నేర్చుకున్నవాళ్లకి ఇంక ఏ రోడ్డన్నా భయం ఉండదని ఊళ్లో పేరు. ఆవిడ పక్క సీట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. కిటికీలోంచి వేడి గాలి కొడుతోంది. అప్పుడు ఫోను మోగింది.

"అక్కా, నేను."

ఎవరో ఆ ఒక్క మాటకే తెలిసిపోయింది. టీవీలో ఆ గొంతు వినిపిస్తే రిమోట్ వెతికే ఓపిక కూడా లేక నేరుగా ప్లగ్గు పీకే మనిషి. ఫోను కట్ చెయ్యడానికి వేలు ఎత్తింది కూడా.

"పిడుగు టేపు నా దగ్గరుందక్కా" అన్నాడు అవతలివాడు.

వేలు అక్కడే ఆగిపోయింది.

"బండి పక్కకి తీసి ఆపండి" అంది గుమాస్తాతో. ఆయన బతుకు జీవుడా అనుకుని ఆపాడు.

ఇక్కడ అక్క, పిడుగు, ఈ ఫోను చేసినవాడు, ఆ ముగ్గురి సంగతి చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు వాళ్లకో బ్యాండు ఉండేది. దాని పేరు 'కరెంటు పోయింది'. ఈ శనివారం సాయంత్రం కరెంటు పోయింది, అందరూ రండి అని గోడల మీద కాగితాలు అంటిస్తే, జనం పోయి కరెంటాఫీసు వాళ్లతో దెబ్బలాడారు. ఇప్పుడు ఫోను చేసినవాడు పాడుతూ గిటారు వాయించేవాడు, వాణ్ణి దొర అనేవాళ్లు. పని చెయ్యడం తక్కువ, చేయించుకోవడం ఎక్కువ కనక ఆ పేరు. అక్క వాయించేది బేస్ గిటారు, లావు తీగలది, పాటకి కింద నుంచి దన్ను ఇచ్చేది. డ్రమ్ములు అక్క సొంత తమ్ముడివి. ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు కాబట్టి చిన్నప్పట్నుంచీ వాడు పిడుగే. వాడు అక్కా అని పిలుస్తుంటే విని దొర కూడా అక్కా అనడం మొదలుపెట్టాడు, ఆ తరవాత లోకమంతా అదే పిలుపు.

ఏ కంపెనీ గుమ్మం దగ్గరా దేబిరించలేదు వాళ్లు. పాటలు వాళ్లే కట్టుకున్నారు, వాళ్లే రికార్డు చేసుకున్నారు, క్యాసెట్లు గుడ్డసంచీలో వేసుకుని వాళ్లే తిరిగి అమ్ముకున్నారు. టైర్ల షెడ్డులో వాయించారు. కాలేజీ క్యాంటీన్లో వాయించారు. ఓ పెళ్లిలో వాయిస్తే పెళ్లికొడుకు తండ్రే స్వయంగా వచ్చి వైరు లాగేశాడు. అప్పుడు కూడా పిడుగు ఆపలేదు, డ్రమ్ములకి కరెంటెందుకండీ అని నవ్వుతూ వాయించాడు. ఏడాది నిండకుండానే అంతా అయిపోయింది.

ఎలా అయిపోయిందో తలుచుకుంటే అక్కకి ఇప్పటికీ పళ్లు పటపటమంటాయి.

వాళ్లు సాధన చేసుకునే చోటు పాతబడిన కోల్డ్ స్టోరేజీలో ఓ గది. చల్లబరిచే యంత్రాలు ఎప్పుడో పీకేసి పట్టుకుపోయారు, గోడలకి పట్టిన అమోనియా ఘాటు మాత్రం మిగిలింది. గోడలు మూరెడు మందం. లోపల ఎంత మోత మోగించినా బయట చీమకైనా వినపడదు, అందుకే ఏరికోరి ఆ గది తెచ్చుకున్నారు. దాంతో వచ్చిన చిక్కల్లా తలుపు. లోపలి పిడి ఊడిపోయింది, బయట ఇనప గడియ. అందుకని ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. ఆఖర్న వెళ్లే మనిషి గడియ వేసేముందు తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వెయ్యాలి. లోపల ఎవరైనా ఉంటే పెద్ద డ్రమ్ము కాలితో ఒక్కసారి తొక్కాలి. అరిస్తే వినపడదు గానీ, ఆ దెబ్బ మాత్రం తలుపులోంచి వచ్చి చేతికి తెలుస్తుంది.

ఆఖరి రోజు దొరకి సినిమా కంపెనీ నుంచి కబురొచ్చింది, రాత్రి రైలుకే బయల్దేరి రమ్మని. బ్యాండు మానేస్తున్నానన్నాడు. పిడుగు వాణ్ణి తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాడు. అక్క అప్పట్లో ఓ బట్టల కొట్టులో పనిచేసేది, కొట్టుకి వేళయిందని వాళ్లనలా వదిలేసి వెళ్లింది. పిడుగు ఇంటికి రాలేదంటే ఏ స్నేహితుడి గదిలోనో అలిగి పడుకున్నాడనుకున్నారు. వాడికది మామూలే. మర్నాడు కాక ఆ మర్నాడు కాపలావాడు గడియ తీశాడు.

గాలి చొరబడని గది. ఊరికే కూర్చుని ఉంటే ఇంకా చాలాసేపు బతికేవాడమ్మా, బాగా ఆయాసపడినట్టున్నాడు అన్నాడు డాక్టరు. వాడి డ్రమ్ము కర్రలు రెండూ విరిగి ఉన్నాయి.

"రెండు దెబ్బలూ వేశానక్కా, జవాబు రాలేదు. వాడు వెళ్లిపోయాడనుకున్నా" అని, కబురు తెలిసి తిరిగొచ్చిన దొర ఏడ్చాడు అప్పుడు. ఏడ్చాడు కాబట్టి అందరూ నమ్మారు. అక్క నమ్మిందా అంటే నమ్మలేదు. నమ్మలేదా అంటే రుజువు లేదు. ఆ రెంటి మధ్యా ఇరవై ఏళ్లు నిప్పులు కడుపులో పెట్టుకుని బతికింది.

"ఏం టేపు?" అంది ఇప్పుడు ఫోన్లో.

"మనం రికార్డు చేసిన అసలు టేపు. వాడి డ్రమ్ములన్నీ దాంట్లో ఉన్నాయి. ఆ పాటలు మళ్లీ తెస్తున్నానక్కా, నా పేరు మీద."

"నీ పేరు మీదా?"

"అంటే... జనానికి తెలిసిన పేరు అదే కదా."

"తెలియకేం, బాగా తెలుసు. ఊఁ, చెప్పు."

"డ్రమ్ములు మెషీన్‌తో వేయిస్తున్నా. వాడి వాయింపులో నిలకడ లేదక్కా, ఇప్పటి చెవులకి ఆనదు."

"నిలకడ గురించి నువ్వు చెబుతున్నావా! ఒరేయ్, నోరెలా వచ్చిందిరా?"

గుమాస్తా తనని కాదని తెలిసి కూడా స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు.

దొరకి అక్క అవసరం ఎందుకు పడిందో చెబితే నవ్వొస్తుంది. వాళ్ల పాటల్లో కాస్త పేరొచ్చింది 'బస్సు ఆగలేదు' అనే పాటకి. దాంట్లో రెండో చరణం నుంచి పల్లవికి తిరిగే మలుపులో అక్క ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. కావాలని కాదు, చేతకాక. ఆవిడ వచ్చేదాకా పిడుగు చిన్న డ్రమ్ము మీద గలగలా కర్రలాడిస్తూ అక్కడే నిలబడేవాడు, రాగానే ధన్‌మని కలిసేవాడు. వినేవాళ్లు అబ్బ, ఏం కట్టారు అనుకునేవాళ్లు. ఇప్పుడు దొర పేరున్న వాద్యగాళ్లని పిలిపించి వాయిస్తే అందరూ సరిగ్గా వచ్చేస్తున్నారట. తప్పు వాయించడం ఎవరికీ నేర్పలేకపోయాడు.

"నువ్వొచ్చి వాయించక్కా. టేపు నీ చేతుల్లో పెట్టేస్తా. ఒట్టు."

పిడుగుది ఇంట్లో ఓ ఫొటో ఉంది, అందులో కళ్లు మూసుకున్నాడు. అంతకుమించి ఏమీ మిగల్లేదు. అప్పట్లో అమ్మిన క్యాసెట్లు ఎప్పుడో అరిగి తెగిపోయాయి, వాడి చేతుల చప్పుడు ఈ భూమ్మీద ఉన్నదంటే ఆ ఒక్క టేపులోనే. దాన్ని ఈ వెధవ దగ్గర వదిలేసి తను చస్తే ఆత్మ శాంతించదు అనుకుంది అక్క. వస్తానంది.

ఎక్కడికి రమ్మన్నాడో చెప్పలేదు కదూ? ఆ కోల్డ్ స్టోరేజీకే. దొర దాన్ని కొనేసి స్టూడియో చేసుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండలో రోడ్డు మీద తారు కరుగుతుంటే, బేస్ గిటారు భుజాన వేసుకుని వెళ్లింది. ముందు గదిలో మెత్తటి సోఫాలు, గోడల నిండా దొర ఫొటోలు. దొర తెల్లచొక్కాలో ఎదురొచ్చాడు. ఒళ్లు చేశాడు. జుట్టుకి రంగు మరీ నల్లగా వేశాడు.

"గోడకి ఒక్క కన్నం పెట్టనివ్వలేదక్కా. తలుపు కూడా అదే. వచ్చినవాళ్లంతా ఫొటోలు దిగుతారు దీనితో" అన్నాడు చూపిస్తూ.

అదే తలుపు. ఇనప గడియకి మెరుగు పెట్టించాడు. లోపల మాత్రం కొత్త పిడి బిగించారు. అక్క ఆ గడియ వంక చూసింది, వాడి మొహం వంక చూసింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా నవ్వుతున్నాడు.

"టేపు?"

"ముందు వాయించు. వాడి డ్రమ్ములే నీ చెవుల్లో పెట్టిస్తా, వాటితో కలిసి వాయిద్దువుగాని. ఆ తరవాత నీ టేపు నీది."

గది ఖాళీగా ఉంది. నేల మీద తివాచీ, మధ్యలో ఓ కుర్చీ, ఓ మైకు, మూలన చిన్న కెమెరా. పైన ఏసీ చప్పుడు లేకుండా తిరుగుతోంది. డ్రమ్ములు లేవు. కిటికీ లేదు కనక బయట ఎండో వానో తెలియదు. కొత్త రంగు వాసన కింద ఎక్కడో సన్నగా, ముక్కుకి పాత స్నేహంలా, అమోనియా తగిలింది. అక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. వరండా అవతల గదిలో మిషన్ల ముందు కూర్చున్న సౌండాయన గొంతు వాటిలో వినిపించింది, పెద్దమనిషి గొంతు.

"రెడీయా మేడమ్? తలుపు వేస్తున్నారు."

తలుపు మూసుకుంది. ఆ చప్పుడు కూడా మెత్తగా గోడల్లోకి ఇంకిపోయింది. ఆ తరవాత గదిలో వినపడిందల్లా తన ఊపిరే.

అప్పుడు డ్రమ్ములు మొదలయ్యాయి.

అక్క కళ్లు చెమర్చాయి. వాడే. ఆ ఎడంచెయ్యి కాస్త బరువుగా పడటం, ప్రతి నాలుగో దెబ్బకీ కర్ర అంచుని తాకించడం... నిలకడ లేదట! ఎవడికిరా లేనిది నిలకడ? ముక్కు ఎగబీల్చుకుని తీగల మీద వేళ్లు పెట్టింది. మొదటి చరణం. పల్లవి. వేళ్లు మొద్దుబారాయి గానీ దారి మరిచిపోలేదు. రెండో చరణం. మలుపు వచ్చింది. ఆవిడ ఆలస్యమయింది. చిన్న డ్రమ్ము గలగలా మోగుతూ నిలబడింది. ఆవిడ రాగానే ధన్‌మని కలిసింది.

"ఒరేయ్ పిడుగూ..." అంది పైకే.

"ఇంకోసారి చేద్దాం మేడమ్" అన్నాడు సౌండాయన.

రెండోసారి మలుపు దగ్గర చూపుడువేలు జారింది. మామూలుగా కంటే మరీ ఆలస్యమయింది. చిన్న డ్రమ్ము ఇంకాసేపు ఆగింది.

అక్క వాయిస్తూనే చెవులు రిక్కించింది. టేపులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఇందాక ఎంతసేపు ఆగిందో అంతసేపే ఆగాలి. చెవులు ఆడిన మాయేమో అనుకుంది.

మూడోసారి మలుపు వచ్చింది. అక్క కావాలనే వేళ్లు తీగల మీంచి ఎత్తేసింది.

గలగలా... గలగలా... ఆగింది. ఆగే ఉంది. పాట అయిపోయేంత సేపు గడిచింది. ఆ కర్రలు అలిసిపోలేదు. మెల్లమెల్లగా గట్టిపడ్డాయి. విసుగు పుట్టినవాడు తలుపు మీద కొట్టినట్టు. ఇంకా గట్టిగా. అక్క అరచేతులు చల్లబడ్డాయి. నోట్లోంచి వచ్చే ఊపిరి పొగలా కనపడింది. అమోనియా ఘాటు గొంతు దాకా దిగింది.

భయంతో తీగ మీద దెబ్బ వేసింది. ధన్! డ్రమ్ములు వచ్చి కలిశాయి.

"మేడమ్," హెడ్‌ఫోన్లలో సౌండాయన, "మలుపు దగ్గర అంతసేపు ఆగిపోతున్నారేంటి? మెషీన్ ముందుకి వెళ్లిపోతోంది. దాన్ని పట్టుకుని పొండి."

"మెషీనా? నాకు మా తమ్ముడి డ్రమ్ములు కదా పెట్టారు?"

అవతల ఆయన ఏవో మీటలు నొక్కి చూసుకున్న చప్పుడు.

"లేదు మేడమ్. మెషీనే. ఆ పాత డ్రమ్ములు... లేవు కదా?"

"లేకపోవడమేంటి?"

"సార్ చెప్పలేదా?" గొంతు తగ్గించాడు. "సినిమాల్లో కొత్తగా చేరినప్పుడు ఆ టేపు మీదే సార్ తన పాటలు పాడి పంపారట మేడమ్. కింద ఉన్నవన్నీ చెరిగిపోయాయి. ఆ టేపు పెట్టె ఖాళీదే. ఇందాక నా బల్ల మీదే పెట్టి వెళ్లారు, మీకిమ్మని."

అక్కకి ముందు భయం గుర్తు రాలేదు. ఆ క్షణాన ఆవిడ ఒంట్లో కోపం తప్ప ఇంకోదానికి చోటు లేదు. చచ్చిన పిల్లాడి చేతుల మీద పాడుకున్నాడు! వాణ్ణి తుడిచేసి, ఆ టేపు మీదే పాడి పంపి, ఇవాళ ఒట్టి పెట్టె పెట్టుకుని తనని పిలిపించాడు! హెడ్‌ఫోన్లు పీకి నేలకేసి కొట్టింది.

"దొరా! రారా ఇలా! మగాడివైతే లోపలికి రా!"

వాడు వచ్చేలోపు ఆవిడకి ఇంకో సంగతి తెలిసింది.

హెడ్‌ఫోన్లు నేల మీద ఉన్నాయి. డ్రమ్ములు ఆగలేదు.

అవి ఖాళీ మూలలోంచి వస్తున్నాయి.

తలుపు తోసుకుని దొర వచ్చాడు, నవ్వుతూనే. "అక్కా, కోప్పడకు, నేను చెబుతా..." అని రెండడుగులు వేశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ డ్రమ్ములు వాడికీ వినపడ్డాయి. వాడి మొహంలో రక్తం చుక్క లేదు.

"అదేంటి?" అన్నాడు గుసగుసగా. "ఎవరు... ఆపమను."

"నువ్వే చెప్పు ఆపమని. నీ ఫ్రెండే కదా."

డ్రమ్ములు ఆగిపోయాయి. అసలు చప్పుడే లేదు. ఇద్దరి ఊపిరీ పొగలా లేస్తోంది.

"ఆ రోజు తలుపు కొట్టావా?" అంది అక్క.

"కొట్టాను. అప్పుడే చెప్పాను కదక్కా."

"జవాబు వచ్చిందా?"

"రాలేదు."

మూలలోంచి పెద్ద డ్రమ్ము. ఒక్క దెబ్బ. నేల అదిరి కాళ్లలోకి ఎక్కింది.

"వచ్చిందా?"

"లేదక్కా, అమ్మతోడు..."

మళ్లీ. ఈసారి గట్టిగా. తివాచీ మీద మైకు పక్కకి ఒరిగి పడింది.

దొర రెండు చేతులతో చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయాడు. "వచ్చింది" అన్నాడు. "వచ్చింది... చేతికి తెలిసింది. ఒళ్లు మండిపోయి ఉన్నాను. నానా మాటలూ అన్నాడు. కాసేపుంటే తిక్క కుదురుతుందని గడియ వేశా. మళ్లీ వచ్చి తీద్దామనే... సామాను సర్దుకోవడంలో పడి మరిచిపోయా."

"ఎప్పుడు గుర్తొచ్చింది?"

వాడు తివాచీ పోగులు పీకుతున్నాడు.

"ఎప్పుడురా?"

"రైల్లో."

"రైల్లో గుర్తొస్తే దిగలేదా?"

"దిగితే... ఆ ఛాన్సు పోయేది అక్కా."

ఏం చేస్తే తీరుతుంది చెప్పండి, ఆ మాట విన్న మనిషికి? కొడితే తీరుతుందా, తిడితే తీరుతుందా? నోటి నిండా తిట్లున్న మనిషికి ఒక్క తిట్టు రాలేదు. గిటారు అక్కడే పడేసింది. వాడి పక్క నుంచి నడిచి బయటికి వచ్చేసింది. వెనకాల డ్రమ్ములు మొదలయ్యాయి, మెల్లగా.

"అక్కా, నన్నొదిలెయ్యకు... అక్కా!"

తలుపు మూసుకుంది. గడియ పడింది.

గడియ తను వెయ్యలేదని అక్క ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. తలుపు లాగిందా అంటే మాత్రం గుర్తు లేదంటుంది.

వరండాలో నిశ్శబ్దం. లోపల ఏం జరుగుతున్నా చీమకి కూడా వినపడదు. ముందు గదిలో ఏసీ హోరు, బయట రోడ్డు మీద ఎవరో హారన్ కొడుతున్నారు. అక్క చెయ్యి గడియ మీద ఉంది. తియ్యాలి. తియ్యకపోతే తనకీ వాడికీ తేడా ఏముంది? తీస్తే పిడుగుకి ఏం న్యాయం? ఛీ, వాడు బతికుంటే ఏమిటి, చస్తే ఏమిటి అనుకుంది. అయినా చెయ్యి గడియ మీంచి తీయలేదు. ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు.

ఆఖరికి అరచేత్తో తలుపు మీద రెండు దెబ్బలు వేసింది.

జవాబు చేతికి తెలిసింది. ఒక్క దెబ్బ.

"సౌండాయనా! ఇటు రండి! తొందరగా!"

ఆయన పరుగున వచ్చాడు. ఇద్దరూ గడియ లాగారు. కదల్లేదు. ఇనుము మంచులా ఉంది, చర్మం అతుక్కుపోతోంది. లాగారు. లాగారు. ఆయన గోళ్లు విరిగాయి. ఇంక లాభం లేదు, ఎవరినైనా పిలుద్దాం అని వెనక్కి తిరగ్గానే గడియ దానంతటదే జారి తలుపు తెరుచుకుంది.

దొర మూలలో కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ప్రాణం ఉంది. నోరు కదులుతోంది గానీ మాట లేదు, కీచుమని కూడా లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. కొత్త పిడి ఊడి వాడి ఒళ్లో పడి ఉంది.

ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. గొంతులో ఏ లోపమూ లేదన్నారు. భయపడ్డాడు, కొన్నాళ్లకి అదే వస్తుందన్నారు. రాలేదు. ఇంతింత కళ్లేసుకుని పైకప్పు వంక చూస్తూ పడుకుంటాడట. అక్క చూడ్డానికి వెళ్లలేదు, ఎందుకెళ్తుంది?

ఆ తరవాత ఓ రోజు సౌండాయన డ్రైవింగ్ స్కూలుకి వచ్చాడు. ఉద్యోగం మానేశానన్నాడు. చిన్న రికార్డరు పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఆ గోలలో రికార్డింగు ఆపడం మరిచిపోయాను మేడమ్. గది ఖాళీ అయ్యాక కూడా మైకు వింటూనే ఉంది. ఇది మీ దగ్గర ఉండటమే న్యాయం. నాకొద్దు."

"ఏముంది దీంట్లో?"

"మీరే వినండి" అన్నాడు. మంచినీళ్లు కూడా పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు.

అక్క తలుపులన్నీ వేసుకుని విన్నది. తన బేస్ గిటారు ఉంది. దానితో పాటు డ్రమ్ములు ఉన్నాయి. మెషీను కాదు. పిడుగు. ఎడంచేతి బరువుతో సహా ప్రతి దెబ్బా ఉంది. అక్క బల్ల మీద తల పెట్టుకుని బావురుమని ఏడ్చింది. దేని కోసం వెళ్లిందో అది దొరికింది. పెట్టెని గుండెలకి హత్తుకుంది.

పాట అయిపోయింది. దొర ఒప్పుకున్న మాటలు ఎక్కడా లేవు. డ్రమ్ములు మాత్రం అయిపోలేదు.

అది పాట కాదు ఇంక. లెక్క లేదు, వరస లేదు. తలుపు తియ్యమని వేసే దెబ్బలు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం. మళ్లీ దెబ్బలు. ఎవరికీ వినపడని ఆ గదిలో ఆ పూటంతా వాడు ఏం వాయించాడో అదే. అక్క రాత్రంతా విన్నది. తెల్లారినా అది అయిపోలేదు. చిన్న పెట్టె, అందులో అంత చోటెక్కడిదో తెలియదు. ఎంత విన్నా ఇంకా మిగిలే ఉంటోంది.

వద్దురా నాయనా, వాయించకు, గాలి అయిపోతుంది, ఊరికే కూర్చో అని పెట్టెతో చెప్పింది. ఏడ్చి చెప్పింది. తిట్టి చెప్పింది. వాడు ఎప్పుడు ఆమె మాట విన్నాడు గనక? ఆపు మీట మీద వేలు పెట్టింది. నొక్కలేకపోయింది. నొక్కితే మళ్లీ గడియ వేసినట్టే కదా. అందుకని అది మోగుతూనే ఉంది. కారులో మోగుతుంది, వంటింట్లో మోగుతుంది, నిద్రపోతే తల పక్కన మోగుతుంది. కారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఇదేం సంగీతమండీ అని అడిగి మానేస్తున్నారు. పోతే పోయారు.

నిన్న సాయంత్రం, ఎండ ఇంకా వాలకముందే, అక్క టీ పెట్టుకుంటుంటే డ్రమ్ముల మధ్యలో ఇంకో చప్పుడు వినిపించింది. చెవి దగ్గర పెట్టుకుంది. గొంతు. పిడుగుది కాదు. ఆసుపత్రిలో మాట పడిపోయి పడుకున్నవాడిది.

"అక్కా... అక్కా..."

"నోరు ముయ్యి!" అని అరిచింది అక్క. ఒళ్లంతా మంటెత్తింది. "వాడు వాయిస్తున్నాడు. నువ్వు నోరు మూసుకుని విను. ఇరవై ఏళ్లు ఆలస్యంగానైనా విను!"

డ్రమ్ములు నెమ్మదించాయి. గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి చాలా దగ్గరగా, గుసగుసగా, పక్కన ఎవరో వింటున్నారని భయపడుతున్నట్టు.

"నా కోసం కాదక్కా... వాడు వాయిస్తోంది నీ కోసం. మలుపు దగ్గర ఆగి, నువ్వెప్పుడొస్తావని అడుగుతున్నాడు."

అంతటితో డ్రమ్ములు ఆగిపోయాయి. ఇన్నాళ్లలో మొదటిసారి. పెట్టె మీద సమయం చూపించే అంకెలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.